ఉప్పు దిమ్మలు

విశాఖపట్నంలో తల నెరిసిన మగాడు కనిపిస్తే జనం అడిగే ప్రశ్న ఒక్కటే. "స్టీలా, పోర్టా?" మూడోది ఒకటి ఉంటుందని ఎవరికీ తోచదు. నేను ఆ మూడోదాంట్లో పనిచేశాను. ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేరి, షిఫ్టు ఇన్‌చార్జినై, అక్కడే రిటైరయ్యాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు "ఓహో, పుల్ల ఐసా?" అంటారు. పెళ్లిచూపుల్లో మా మామగారు కూడా అదే అన్నారు. అని, కాఫీ గ్లాసు సగంలో కింద పెట్టేశారు. పిల్లనైతే ఇచ్చారు గానీ, ఆ సగం గ్లాసు ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

ఈ ఊరి కుర్రకారూ, మీలో చాలామంది ఇప్పుడు అచ్యుతాపురంలో మందుల కంపెనీల్లోనో రొయ్యల కంపెనీల్లోనో చేస్తున్నారు. మీకూ ఇదే బాధ ఉంటుంది, మీ నాన్న స్టీలు మనిషైతే మరీను. అందుకే ఇది మీకోసం రాస్తున్నాను. రాసేటప్పుడు నేను "నేను" అనే రాస్తాను. నోటితో మాత్రం "నాను" అనే అంటాను, ఏమీ అనుకోకండి.

మా ఐసు ఎక్కడెక్కడికి పోయేదో చెబితే మీకు ఈ ఊరు అర్థమవుతుంది. ముందు బోట్లకి. తర్వాత చేపల వ్యాపారులకి, కోళ్ల దుకాణాలకి, వన్ టౌన్‌లో సోడాలమ్మేవాళ్లకి, పెళ్లిళ్లలో వంటవాళ్లకి, శవాలకి. ఆఖర్న కాంక్రీటుకి. కాంక్రీటు అనగానే నవ్వకండి. మే నెలలో పెద్ద పునాది పోసేటప్పుడు లోపలి వేడికి అది పగులుతుందని నీళ్లకి బదులు ఐసు పొడి చేసి కలుపుతారు. నాకూ ఒక ఆర్డరు వచ్చేదాకా తెలియదు.

అసలు కథ ఈ కాంక్రీటుదే. ఎండాకాలం మధ్యలో రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవాలి కదా, గవర్నమెంటు బోట్లన్నిటినీ ఒడ్డున కట్టించేస్తుంది. బోట్లు కదలకపోతే మాకు పని లేదు. ఊరంతా ఐసు కోసం అల్లాడే రోజుల్లోనే మా ఫ్యాక్టరీ సగం మూతపడేది. లోడింగ్ మనుషులు ఇళ్లకెళ్లి వలలు బాగుచేసుకుంటూ కూర్చునేవాళ్లు. అలాంటి ఒక ఏడాది, కొన్నేళ్ల కిందట, అచ్యుతాపురంలో కట్టే ఒక కొత్త కంపెనీ నుంచి ఆర్డరు వచ్చింది. రోజూ ఒక లారీ ఐసు దిమ్మలు, నిషేధం అయిపోయేదాకా. మా ఓనరు గారు వన్ టౌన్ ఆఫీసు నుంచి స్వయంగా వచ్చి అందరికీ టీ ఇప్పించారు. ఆయన టీ ఇప్పించడం నేను చూసింది రెండుసార్లే. ఇది మొదటిసారి.

ఇక్కడ మా లోడింగ్ మేస్త్రి గురించి చెప్పాలి. ఒడ్డున జాలర్ల పేటలో పుట్టి పెరిగినవాడు, వాళ్ల అన్నదమ్ములంతా ఇప్పటికీ వేటకి పోతారు. నేను ఆదివారం చర్చికి పోయేవాణ్ణి, అతను గంగమ్మకి మొక్కేవాడు. పెళ్లి సంబంధం ఏ వైపునా లేదు గానీ ఇద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. మనిషి నెమ్మది. ఐసు దిమ్మని కొక్కెంతో లాగుతుంటే పసిపిల్లాణ్ణి నడిపిస్తున్నట్టుండేది. నాకు కోపం ఎక్కువ, అతనికి అసలు లేదు. ఇద్దరికీ కలిపి సరిపోయేది.

దిమ్మలెలా తయారవుతాయో కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. పొడుగాటి రేకు డబ్బాల్లో మంచినీళ్లు పోసి, వాటిని ఉప్పునీటి తొట్టిలో దించుతాం. ఆ ఉప్పునీరు గడ్డకట్టకుండా బాగా చల్లబడి, డబ్బాలో నీళ్లని గడ్డ కట్టిస్తుంది. పాత డబ్బాకి సూదంత చిల్లు పడితే ఉప్పునీరు లోపలికి దిగుతుంది. అప్పుడొచ్చే దిమ్మ తెల్లగా, మెత్తగా, ఉప్పగా ఉంటుంది. దాన్నే మేం ఉప్పు దిమ్మ అంటాం. సోడావాళ్లకి అది పనికిరాదు. బోట్లవాళ్లకి మాత్రం ప్రాణం. ఉప్పు దిమ్మ సల్లదనం ఎక్కువ, సేప కన్ను తేటగా ఉంటాది అని వాళ్ల నమ్మకం. మేస్త్రి అలాంటి దిమ్మల్ని గోడవారకి విడిగా పెట్టి, గోనెలు కప్పి, తనకిష్టమైన బోట్లకి ఇచ్చేవాడు. ఎవరి మీదైనా అతనికి ప్రేముందంటే ఉప్పు దిమ్మ దొరికేది. అది మా దగ్గర పద్ధతి.

ఒక పొద్దున్న లారీ వెళ్లిపోయాక చూస్తే గోడవార ఖాళీగా ఉంది. గోనెలు మడతపెట్టి ఉన్నాయి.

"బావా, ఇక్కడుండాల్సిన ఉప్పు దిమ్మలేవీ?"

"లారీకి ఏసీసినాను."

"ఏ లారీకి?"

"అచ్చితాపురం లారీకే. బోట్లు కట్టేసి ఉన్నాయి కదా, ఎవులికిత్తాం? పెద్ద పార్టీ కదా బావా, మంచివే ఏసినాను." అతని మొహంలో తృప్తి కనిపిస్తోంది. కూతురికి చీర పెట్టి పంపినవాడిలా ఉన్నాడు.

ఆర్డరు ఇచ్చినప్పుడు ఆ కంపెనీ ఇంజనీరు నాతో గట్టిగా చెప్పిన మాట ఒక్కటే. ఉప్పు తగలకూడదు. కాంక్రీటులో ఉప్పుంటే లోపలి ఇనపకడ్డీ తుప్పు పడుతుంది. మేస్త్రికీ చెప్పాను. అతను విన్నాడు కూడా. కానీ ఉప్పు తగలకూడదంటే మనం పైనుంచి ఉప్పు చల్లకూడదని అర్థం చేసుకున్నాడు. ఐసులోనే ఉన్న ఉప్పు అతని లెక్కలో ఉప్పు కాదు, అది ఐసు గుణం. పుట్టినప్పట్నుంచీ ఉప్పులో బతికినవాడికి ఉప్పు తప్పని చెప్పడం చాలా కష్టం.

డ్రైవరుకి ఫోన్ చేశాను. వాడు పాటలు పెట్టుకుంటే దేవుడు పిలిచినా వినడు. ఇద్దరం నా బండెక్కాం. గాజువాక దాటాక వెనకనుంచి మేస్త్రి అడిగాడు.

"సెప్తే ఆర్డరు పోద్దా బావా?"

"పోద్ది."

"సెప్పకపోతే?"

"పదేళ్లకో పదిహేనేళ్లకో కడ్డీ తుప్పు పడతాది."

పక్కనుంచి పోతున్న కంపెనీ బస్సు వైపు చూశాడు. తర్వాత, "ఆ బిల్డింగులో మన పేట పిల్లలే పనికెల్తారు కదా. సెప్పీసి వద్దాం," అన్నాడు. నేను బండి ఇంకొంచెం వేగంగా పోనిచ్చాను.

మేం చేరేసరికి లారీ మీది టార్పాలిన్ విప్పుతున్నారు. ఇంజనీరు ఒక అమ్మాయి, దువ్వాడలో ఏదో కాలేజీలో చదివిందట, తెల్ల హెల్మెట్ పెట్టుకుని ఎండలో నిలబడి ఉంది. నేను గొంతు సవరించుకునేలోపే మేస్త్రి చేతులు కట్టుకుని చెప్పేశాడు. "మేడమ్, తప్పయిపోనాది. ఇందల కొన్ని ఉప్పు దిమ్మలున్నాయి."

ఆ అమ్మాయి కోప్పడలేదు. "ఏవేవో చెప్పగలరా బాబాయ్?" అంది.

"నాను నాకి సెప్పేత్తాను మేడమ్."

సరదాకి అన్నాడనుకున్నాను. లారీ ఎక్కి మొదటి దిమ్మ నాకాడు. "మంచిది." రెండోది నాకాడు. "ఇది ఉప్పు, పక్కన పెట్టండి." సైటులో పనివాళ్లంతా పని ఆపి చుట్టూ చేరారు. ఒకడు సెల్‌ఫోన్‌లో వీడియో తీశాడు. మేస్త్రి చాలా శ్రద్ధగా, తీర్పు చెప్పే పెద్దమనిషిలా ఒక్కొక్కటీ నాకుతూ పోయాడు. కాసేపయ్యాక నాకడం ఆపి, నాలుక బయటపెట్టి వేలితో ముట్టుకుని చూసుకున్నాడు.

"బావా, నాలిక మొద్దుబారిపోనాది. ఇప్పుడన్నీ మంచివిలాగే ఉన్నాయి."

ఇంజనీరమ్మాయి మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదలడం నాకు కనిపించింది. మళ్లీ ఇటు తిరిగి మర్యాదగా, "లోడంతా వెనక్కి తీసుకెళ్లిపోండి బాబాయ్. నేను పక్క ఊరి నుంచి తెప్పించుకుంటాను," అంది. రేపటి సంగతి అడిగాను. రేపు కూడా పక్క ఊరే అంది. నా ఉద్యోగ జీవితంలో స్టీలుతో నాకు కలిసిన సంబంధం ఇదొక్కటే, అదీ తుప్పు పట్టించబోయి.

ఓనరు గారికి ఫోన్ చేశాను. ఆయన అరిచే మనిషి కాదు. అరిస్తే బావుణ్ణనిపించేది. "లోడు ఈ సాయంత్రంలోగా ఎక్కడో అక్కడ అమ్మీయండి. ఊరికే కరిగిపోయిందంటే ఆ మేస్త్రిని రేపట్నుంచి రావొద్దని నువ్వే చెప్పు," అని పెట్టేశారు.

మే నెల ఎండ. నెత్తిన లారీడు ఐసు. నా బండి సైటులోనే వదిలి ఇద్దరం లారీ ఎక్కాం. కొనేవాడి కోసం వెతుకులాట మొదలైంది.

మొదట రొయ్యల కంపెనీ గేటు. లోపల తెల్లటోపీల ఆడపిల్లలు వందలమంది, చలికి వణుకుతూ రొయ్యలు వలుస్తుంటారు. వాళ్లకి ఐసు కావాలి, మా దగ్గర ఐసుంది. సెక్యూరిటీ వాడు "వెండర్ కోడ్ ఉందా?" అన్నాడు. కోడ్ కావాలంటే ఎన్నాళ్లు పడుతుందంటే, వారంలో మెయిల్ వస్తుందన్నాడు. లారీ వెనకనుంచి నీళ్లు కారి వాడి బూట్ల దాకా వెళ్తున్నాయి. వాడు బూట్లు పక్కకి జరుపుకున్నాడు గానీ కోడ్ సంగతి మార్చలేదు.

తర్వాత చెరుకురసం బండి. "ఇది తినే ఐసు కాదు, ఉప్పుంటది," అన్నాను. "పర్లేదు, సీసాల చుట్టూ పెట్టుకుంటాను," అని ఒక దిమ్మ దించుకున్నాడు. కోళ్ల దుకాణమాయన కొన్ని తీసుకున్నాడు. లంకెలపాలెం జంక్షన్‌లో పువ్వులమ్మే ఆవిడ సగం దిమ్మ అడిగితే మేస్త్రి కొక్కెంతో విరిచి ఇచ్చాడు. ఇలాగైతే రాత్రవుతుందని నేను తెలిసినవాళ్లందరికీ ఫోన్లు కొడుతూనే ఉన్నాను. ఆఖరికి దువ్వాడలో ఒక క్యాటరింగ్ ఆయన దొరికాడు. సాయంత్రం పెళ్లి, వెయ్యిమందికి కూల్‌డ్రింకులు, మజ్జిగ ప్యాకెట్లు చల్లబరచాలి. "ఉన్నవన్నీ పట్టుకొచ్చీయండి, కానీ తొందరగా," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మేస్త్రి కూడా మొదటిసారి నవ్వాడు. నాలుకకి స్పర్శ వచ్చిందని చెప్పాడు.

దువ్వాడలో స్టేషన్ దాటాక ఒక సందులో షామియానా అడ్డంగా వేసి ఉంది. చావిల్లు. లారీ నీళ్లు కార్చుకుంటూ రావడం చూసి ఒక పెద్దాయన పరిగెత్తుకొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. పోయింది స్టీలు ప్లాంటులో చేసి రిటైరైనాయన. కూతురు భువనేశ్వర్ నుంచి రావాలి, రైలు లేటు. శవాన్ని పెట్టే ఫ్రీజర్ పెట్టె తెచ్చారు గానీ పొద్దుట్నుంచి ఆ వీధికి కరెంటు లేదు, లైను మరమ్మతట. జనరేటరు దొరకలేదు.

"రెండు దిమ్మలిస్తారా బాబూ, ఎంతైతే అంతిస్తాం," అన్నాడాయన.

మేస్త్రి అప్పటికే లారీ దిగేశాడు. "సావుకి ఐసు అమ్మం బాబూ. డబ్బులు మాటాడకండి."

వాళ్ల పేటలో అది ఆచారం. సముద్రం మీద పోయినవాణ్ణి ఒడ్డుకి తెచ్చేదాకా ఐసులో పెడతారు. ఆ ఐసుకి ఎవరూ వెల కట్టరు, కట్టినవాడి బోటు ఎవరూ ఎక్కరు. నాకు తెలుసు. అయినా రెండు దిమ్మలే కదా, ఇచ్చేసి పోదాం అనుకున్నాను. మేస్త్రి నాలుగు దించాడు. శవం చుట్టూ, కింద, పక్కల్లో ఎలా పేర్చాలో ఆ ఇంటివాళ్లకి చూపించాడు. అయిపోయిందనుకుంటే తలుపు దగ్గర కూర్చున్నాడు.

"ఎల్దాం రా బావా."

"కరిగితే ఎవులు మారుత్తారు? ఈళ్లకి తెల్దు."

క్యాటరింగ్ ఆయన ఫోన్ చేశాడు. వస్తున్నాం అన్నాను. మళ్లీ చేశాడు. ఇదిగో సందు చివరే ఉన్నాం అన్నాను. అది నిజమే. ఈలోగా ఒకాయన నాకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, దగ్గరగా వంగి మెల్లగా అడిగాడు. "తమరు స్టీలాండీ, పోర్టాండీ?"

"ఐసు," అన్నాను. ఆ ఒక్కచోటే ఎవరూ నవ్వలేదు.

మేస్త్రి లేచి కరిగిన దిమ్మలు తీసి కొత్తవి పెట్టాడు. మళ్లీ కూర్చున్నాడు. ఎండ లారీ మీద నిప్పులు కురిపిస్తోంది. సందంతా కాలవ కట్టింది. నాకు ఇంక ఆగలేదు. అతన్ని పక్కకి లాక్కెళ్లి తిట్టాను. "అక్కడ నీ ఉద్యోగం కరిగిపోతోంది, కనబడతందా? రేపు నీ పెళ్లానికి ఏటి సెప్తావు?"

అతను నన్ను తిట్టలేదు. చెయ్యి విదిలించుకోనూ లేదు. "కూతురొచ్చి మొకం సూడాలి కదా బావా. సేప పాడైపోతేనే ఊరుకోం. మనిసిని వదిలేత్తావేటి?"

క్యాటరింగ్ ఆయన ఇంకెక్కడో తెప్పించుకున్నానని ఫోన్ పెట్టేశాడు. పొద్దు వాలేవేళకి భువనేశ్వర్ నుంచి రావాల్సిన కూతురు ఆటో దిగింది. తండ్రి మొహం మీద చెయ్యి వేసి, చల్లగా ఉందని ఏడ్చింది. మేస్త్రి అప్పుడు లేచి, పంచె పిండుకుని, లారీ ఎక్కాడు. వెనక గోనెలు, నాలుగు వేళ్ల లోతు నీళ్లు తప్ప ఏమీ లేవు.

మర్నాడు పొద్దున్న గేటు దగ్గర నేనే చెప్పాను, ఓనరు గారు రావొద్దన్నారని. అతను "సరే బావా," అని తన కొక్కెం తీసుకుని, నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆ కొక్కెం అతని సొంతం. కాంక్రీటు ఆర్డరు పోయింది కాబట్టి మిగతావాళ్లూ ఇళ్లకెళ్లారు. ఆ నెలంతా ఖాళీ తొట్టి చుట్టూ నేను, ఒక పిల్లి తిరిగాం.

నిషేధం ఎత్తేసిన రోజు మాకు ఏడాదంతటికీ పెద్ద రోజు. ముందురోజే డబ్బాలన్నీ నింపేశాం. పొద్దున్నే ఓనరు గారు కారులో వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఇక్కడ ఇంకో పద్ధతుంది. సీజనులో మొదటి దిమ్మ అమ్మరు. మేస్త్రి దానికి పసుపు రాసి, నెత్తిన పెట్టుకుని ఒడ్డుకి నడిచి, గంగమ్మకని సముద్రంలో వదులుతాడు. ఆ తర్వాతే బోట్లు మా దగ్గర ఐసు ఎత్తుతాయి. ఓనరు గారు ఆ దిమ్మ ఇంకొకడి నెత్తిన పెట్టించారు. వాడు నాలుగడుగులు వేశాడో లేదో, బోట్ల పెద్ద ఒకాయన అడిగాడు. "ఆడేడీ?"

మానేశాడన్నారు ఓనరు గారు. బోట్ల పెద్ద తలూపాడు. గొడవేమీ చేయలేదు. వాళ్ల తోపుడు బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి తిరిగి పక్క ఫ్యాక్టరీ వైపు వెళ్లిపోయాయి. లోపల దిమ్మలన్నీ నిండుగా ఉన్నాయి. బయట ఒక్క బండి లేదు. ఓనరు గారు నా వైపు చూశారు. నేను పిల్లి వైపు చూశాను.

"ఇల్లు తెలుసా?" అన్నారాయన.

మేస్త్రి ఇంటి ముందు అతని భార్య ఎండుచేపలు తిరగేస్తోంది. కారు చూసి లేవలేదు. "ఏటి బాబూ, ఎండన పడి వచ్చినారు," అంది. లోపలికి కేకెయ్యలేదు. తిరగేయాల్సిన చేపలన్నీ తిరగేశాకే భర్తని పిలిచింది. అప్పటిదాకా మా ఓనరు గారు ఇసకలో నిలబడే ఉన్నారు, చెమట తుడుచుకుంటూ.

"రా, పనుంది," అన్నారు మేస్త్రితో.

"వత్తాను బాబూ. ఒక మాటుంది."

ఓనరు గారు తయారుగానే ఉన్నారు. "జీతం సంగతి చూద్దాంలే."

"జీతం కాదు బాబూ. సావుకి ఐసు అడిగితే మన ఫేట్రీలో డబ్బులు తీసుకోకూడదు. ఎవులైనా సరే."

ఓనరు గారు సముద్రం వైపు చూశారు. "సరే," అన్నారు. "కానీ బోర్డు మాత్రం పెట్టకండి."

ఆ మధ్యాహ్నం అందరికీ టీ ఇప్పించారు. అది రెండోసారి.

బోర్డు పెట్టలేదు. పెట్టకపోయినా ఊరికి తెలిసిపోయింది. నేను రిటైరయ్యేదాకా ఆ మాట మీద ఒక్క ఇంటి దగ్గరా రూపాయి ముట్టుకోలేదు. ఎవరికిచ్చినా, ఎప్పుడూ ఆయన అడ్డు చెప్పలేదు. అది మాత్రం ఆయన గొప్పే.

పోయిన వేసవిలో ఓనరు గారు పోయారు. నిషేధం నడుస్తున్న రోజులు. వన్ టౌన్‌లో ఆయన పాతింటికి నేను వెళ్లేసరికి ఫ్రీజర్ పెట్టె ఉంది, కరెంటు ఉంది, జనరేటరు కూడా ఉంది. కొడుకు ఏమీ కొరత చేయలేదు. అయినా సందులోంచి నీళ్లు కార్చుకుంటూ మా లారీ వచ్చింది. మేస్త్రి దిగాడు. వయసు మీదపడింది, దిమ్మ దిమ్మకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. పెట్టె చుట్టూ నేల మీద, వాకిట్లో, అవసరం లేని చోటల్లా పేర్చుకుంటూ పోయాడు. వద్దనడానికి కొడుకు ముందుకొస్తే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

అంతా పేర్చి నా పక్కనొచ్చి నిలబడ్డాడు. దిమ్మలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. వేలు పెట్టి నాలుక మీద రాసుకున్నాను. ఉప్పగా ఉంది.

"పెద్ద పార్టీ కదా బావా," అన్నాడు. "మంచివే ఏసినాను."